ఉప్పునీట దప్పిక



నేడు నేను విన్నవింపబోవు విషయము చెంబెడు మంచినీళ్ళతో ఆరంభమైనది. కావున ముందుగా ఆ చెంబు కథ చెప్పి, పిమ్మట శాస్త్రమునకు వచ్చెదను.

కొన్ని యేండ్ల క్రిందట మాఘమాసములో నేను పనిమీద మైపాడునకు పోయి, అచ్చటినుండి సముద్రపుటొడ్డు వెంబడి ఉత్తరముగా నడచి ఒక పట్టపుపాలెము చేరితిని. తెల్లవారి ఎంతోసేపు కాలేదు. వేటకు పోయిన పడవలింకను తిరిగి రాలేదు. ఒడ్డున ఆడువారును, పిల్లలును గుంపుగూడి యుండిరి. నడుమ తడియిసుకలో ఒక డాల్ఫిను పడియుండెను. దానిని చేప యని పిలుచువారు కలరు గాని అది చేప కాదు. మనవలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లను కని పాలిచ్చి పెంచు జంతువు. తిమింగిలమునకు జ్ఞాతి. అది నెత్తిమీది రంధ్రముగుండ బుస్సుమని ఊపిరి విడుచుచు, తోక కదల్చలేక పడియుండెను. పుష్టిగల డాల్ఫినునకు తల వెనుక భాగము నున్నగా నిండియుండును. దీనికచ్చట పల్లము పడియుండెను. అనేక దినములు ఆహారము లేక చిక్కిపోయిన దానికి అది గుర్తని నేను పిమ్మట తెలిసికొంటిని.

పిల్లలు దోసిళ్ళతో సముద్రపునీరు తెచ్చి దాని వీపుమీద చల్లుచుండిరి. అంతలో ఒక ముదుసలి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి దాని నోటియొద్ద కూర్చుండెను. ఒక పడుచువాడు నవ్వి, “అవ్వా, సముద్రములో పుట్టినదానికి నీ చెంబునీళ్ళు ఎందుకే?” అనెను. ఆమె వానివంక చూడక, “ఉప్పునీళ్ళు తాగి ఎవురు బతికినార్రా? దానికీ నోరుండాది గదా!” అని, నావైపు తిరిగి, “అయివారా, మీరు చదువుకున్నోళ్ళు, చెప్పండి. అది సముద్రములో ఏమి తాగుతుంది?” అని అడిగెను.

నేను ముప్పదియేండ్లు పిల్లలకు ప్రకృతిశాస్త్రము చెప్పి బ్రతికినవాడను. ఐనను ఆ ప్రశ్నకు నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. పోటు వచ్చినప్పుడు మగవారు పాతవలలో దానినెత్తి నీటిలో విడిచిరి. మూడవనాడు అది చచ్చి ఒడ్డునకు కొట్టుకొనివచ్చెనని వినుటయైనది. అప్పటినుండి ఆ అవ్వ ప్రశ్న నన్ను విడువలేదు. దానికి నేను సేకరించిన సమాధానమే ఈ ప్రసంగము.

మొదట, మనము సముద్రపునీరేల త్రాగరాదో విచారింతము. వేయిపాళ్ళ సముద్రపునీటిలో సుమారు 35 పాళ్ళు లవణములు కలవు. ఏటిముఖములయొద్ద వరదకాలమున ఇది కొంత తగ్గును. మన నెత్తుటిలోనో, వేయింటికి తొమ్మిదిపాళ్ళు మాత్రమే. ఇక ఊరగాయ జాడీని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి మూతవేసినచో, మూడవనాటికి మనము పోయకయే ఊట నిలుచును. ఆ నీరు ముక్కలలోనిదే. ఉప్పు ఎక్కువగా నున్నవైపునకు నీరు లాగబడుట ప్రకృతిధర్మము. కడుపులో సముద్రపునీరు పోసికొన్నవాని గతియు అట్టిదే.

కడుపున చేరిన ఉప్పును వెడలగొట్టు బాధ్యత మూత్రపిండములది. కాని మన మూత్రపిండములు సముద్రపునీటియంత చిక్కగా ఉప్పును పంపజాలవు. పలుచన చేసియే పంపవలెను. అందుచేత వేయిపాళ్ళ సముద్రపునీరు త్రాగినవాడు, దానిలోని ఉప్పును వదిలించుకొనుటకు సుమారు 1350 పాళ్ళ నీటిని ఖర్చుపెట్టవలసియుండును. త్రాగినది వేయి, పోయినది పదమూడువందల యేబది. తక్కువపడిన మూడువందల యేబదియు ఒంటిలోనుండియే పోవలెను. అప్పు తీర్చుటకు అంతకంటె పెద్ద అప్పు చేయువాని సంసారమువలె, త్రాగినకొలదియు దప్పిక పెరుగును. తుదకు మతిచలించి ప్రాణము పోవును. ఉప్పు తిన్నవాడు నీళ్ళు త్రాగవలె నను మన సామెతలో ఇంత శాస్త్రమున్నది.

మరి సముద్రములోని తక్కిన ప్రాణు లేమి చేయుచున్నవి? అగస్త్యుడు సముద్రము నాపోశనము పట్టెనని పురాణములందు వింటిమి. ప్రతిదినము కొంచెము కొంచెముగా ఆ పని చేయుచున్నవి చేపలు. సముద్రపు చేప ఉప్పునీరు త్రాగును. త్రాగి, ఆ యుప్పును మొప్పలలోని కణములద్వారా తిరిగి సముద్రములోనికే తోసివేయును. కనుకనే దాని నెత్తుటిలోని ఉప్పు సముద్రపు ఉప్పులో ఇంచుమించు మూడవవంతు మాత్రమే. సముద్రమున బ్రతికిన చేపనైనను కూర వండునప్పుడు మన యిల్లాండ్రు ఉప్పు వేయుట మానరు గదా!

నెల్లూరు తీరమునకు చలికాలపు చివరినెలలలో గ్రుడ్లు పెట్టుటకు వచ్చు తాబేళ్ళను మీలో అనేకులు చూచియుందురు. ఇసుకలో గొయ్యి త్రవ్వి గ్రుడ్లు పెట్టునప్పుడు దాని కన్నుల నుండి చిక్కని నీరు కారును. బిడ్డలను విడిచిపోవుచున్నానని తల్లి యేడ్చుచున్నదని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట మనసునకు ఇంపైనదే. కాని అది సముద్రములో నున్నప్పుడును కారుచునే యుండును. కంటియొద్దనున్న గ్రంథి ఒంటిలోని అధికమైన ఉప్పును ఆ రూపమున వెడలించుచున్నది. సముద్రపక్షులకు ఇట్టి గ్రంథియే కన్నులపై నుండి ముక్కుగుండ ఉప్పునీరు జార్చును. క్నూట్ ష్మిట్-నీల్సన్ అను శాస్త్రజ్ఞుడు 1957లో నీటికాకులపై పరీక్షలు చేసి ఈ రహస్యమును వెల్లడించెను.

డాల్ఫినునకు, తిమింగిలమునకు మొప్పలును లేవు, ఉప్పు కన్నీరును లేదు. మనకున్నట్లే ఊపిరితిత్తులు, మనకున్నట్లే మూత్రపిండములు. కావుననే అవ్వ ప్రశ్న చిన్నది కాదు.

ఇక సమాధానము. మన తీరగ్రామములలో ఒక వింత కలదు. ఎదుట కనుచూపుమేర ఉప్పునీరు. వెనుక ఇసుకదిబ్బలో మోచేతిలోతు, నడుములోతు త్రవ్వినచో మంచినీటి చెలమ. ఎరుగనివాడు దాహముతో సముద్రమువైపు చూచును. ఎరిగినవాడు ఇసుక త్రవ్వును. డాల్ఫిను ఎరిగిన జాతి. సముద్రములో దాని చెలమ ఏది యనగా చేపయే. చేప శరీరములో నూటికి 70 మొదలు 80 పాళ్ళవరకు నీరు. ఆ నీటినుండి ఉప్పును తీసివేయు పనిని చేప ఇదివరకే తన మొప్పలతో ముగించియున్నది. పదికిలోల కవళ్ళో, కానాగంతలో తిన్న డాల్ఫినునకు ఆహారముతోపాటు ఏడుకిలోలకు పైబడిన నీరు కడుపున చేరుచున్నది. చేపతోపాటు కొంత ఉప్పునీరు మ్రింగుట తప్పదు, కాని అది కొలదిగా మాత్రమే. మనకు తిండి వేరు, నీరు వేరు. దానికి రెండును ఒక్క కబళమే.

ఇది మొదటి ఊట. రెండవది ఇంతకంటె విచిత్రము. సాయంకాలము లాంతరు వెలిగించి చిమ్నీ దింపినప్పుడు గాజు లోపల ఒక్క నిమిషము మంచు పట్టినట్లు మసకబారుట మనమందరము చూచినదే. ఆ తేమ ఎక్కడిది? నూనె మండునప్పుడు దానిలోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరగుచున్నది. గాజు వేడెక్కగానే ఆవిరియై పోవును. మన శరీరములో ఆహారము కరగుటయు ఒకవిధమైన మంటయే, పొగలేని మంట. నూరుపాళ్ళ కొవ్వు కరగినచో సుమారు 107 పాళ్ళ నీరు పుట్టును. గాలినుండి ప్రాణవాయువు వచ్చి కలియుటచేత నూటికి నూటయేడు వచ్చుచున్నది. తిమింగిలములకు, డాల్ఫినులకు చర్మము క్రింద దళసరియైన కొవ్వుపొర కలదు. అది చలికి కంబళి, కరవునకు గాదె, దాహమునకు బావి.

ఈ రెండవ ఊట ఎంత బలమైనదో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును. అమెరికాదేశపు పడమటితీరమున ఏనుగుసీలు అను నీటిజంతువు కలదు. తల్లి పాలు మాన్పించి సముద్రములోనికి పోయిన తరువాత దాని పిల్ల ఒడ్డుననే రెండుమూడు నెలలు తిండియు, నీరును లేక పడియుండును. పాలతో పెరిగిన కొవ్వు కరగుటచే పుట్టిన నీటితోనే ప్రాణము నిలుపుకొనును. మహావ్రతములు పట్టినవారిని గూర్చి విన్నాము గాని, పాలు మానిన పసికందు పట్టు వ్రతమిది!

ఐతే, శ్రోతలారా, రాబడి ఎంత యున్నను పొదుపు లేని యింట నిలువ యుండదు. ఈ జంతువులను నేను మెచ్చుకొనునది రాబడికంటె పొదుపునుబట్టియే.

మొదటి పొదుపు చెమట. మనకు వేసవి యెండలో పొలమున పనిచేసినచో చెమటరూపమున ఎంత నీరు పోవునో మీకు చెప్పనక్కరలేదు. డాల్ఫినులకు, తిమింగిలములకు స్వేదగ్రంథులే లేవు. చుట్టునున్న నీరే ఒంటిని చల్లబరచుచుండగా చెమటతో పని యేమి?

రెండవ పొదుపు ఊపిరి. చలినాటి ఉదయమున మన నోట పొగవలె వచ్చునది నీటియావిరి గదా. ఊపిరి ఊపిరికిని కొంత నీరు పోవుచునే యున్నది. డాల్ఫిను మనవలె మాటిమాటికి శ్వాసింపదు. ఒక్కమారు రొమ్మునిండ పీల్చి, చాలసేపు లోపల నిలిపి, దానిలోని ప్రాణవాయువును బాగుగా వాడుకొని విడుచును. సముద్రముపైని గాలి మొదలే తేమగలది. పైగా విడుచు ఊపిరిలోని తేమ కొంత నాసికామార్గములోనే చల్లబడి తిరిగి లోపల చిక్కును.

మూడవ పొదుపు మూత్రము. దాని మూత్రపిండము సీతాఫలమువలె అనేకములైన చిన్నచిన్న తొనల కూర్పు. డాల్ఫినులలో ఇవి వందలకొలదిగా నుండును. ఒక్కొక్క తొన ఒక చిన్న మూత్రపిండమే. అవసరమైనప్పుడు సముద్రపునీటికంటె చిక్కనైన మూత్రమును చేయు శక్తి వానికి కలదు. చేపలు తిను డాల్ఫినుకంటె, క్రిల్లను చిన్న రొయ్యజాతిని తిను పెద్ద తిమింగిలమునకు ఈ శక్తి ఎక్కువ అవసరము. ఏలయన, రొయ్యజాతి ఒంటిలోని రసము ఇంచుమించు సముద్రమంత ఉప్పగా నుండును, చేపవలె వడకట్టినది కాదు. తిమింగిలపు మూత్రమున కొలిచిన ఉప్పునుబట్టి లెక్కవేయగా, వేయిపాళ్ళ సముద్రపునీటి ఉప్పును అది 650 పాళ్ళ మూత్రముతో వెడలించగలదు. అనగా మనము 350 పాళ్ళు నష్టపడుచోట అది 350 పాళ్ళు మిగుల్చుకొనుచున్నది.

నాలుగవ పొదుపు పాలు. ఆవుపాలలో నూటికి 87 పాళ్ళు నీరే. తిమింగిలపు పాలలో నూటికి 30 మొదలు 50 పాళ్ళవరకు వెన్న. మనము మీగడ యనుకొనునదానికంటె చిక్కన. తల్లి తన నీటిని బిడ్డకు అంతగా ఇవ్వకయే, బిడ్డలో నీరు పుట్టించు కొవ్వునిచ్చుచున్నది.

అన్ని జాతుల మార్గమును ఒకటి కాదు. మనకు దక్షిణముగా మన్నారు సింధుశాఖలోను, పాక్ అఖాతములోను నివసించు సముద్రధేనువు, అనగా డుగాంగు, నీటియడుగున మొలచు గడ్డి మేసి దానిలోని నీటితో జీవించును. దాని బంధువైన మానటీ అను అమెరికా జంతువు మాత్రము మంచినీరు త్రాగుటకు ఏటిముఖములకు వచ్చును. ఇప్పుడు చెప్పినదానిని ఒక్కమాటలో ముడివేసెదను. సముద్రక్షీరదము సముద్రమును త్రాగి బ్రతుకుట లేదు. తిని బ్రతుకుచున్నది, మిగుల్చుకొని బ్రతుకుచున్నది.

ఈ మాట తెలిసిననాడు నాకు మైపాడు అవ్వ జ్ఞప్తికి వచ్చినది. డాల్ఫినునకు తిండియే నీరైనప్పుడు, తిండి లేకపోవుటయే దాహము. జబ్బుచేతనో, గాయముచేతనో వేటాడలేనిదానికి మొదటి ఊట ఎండును. ఒంటికొవ్వు కొంతకాలము ఆదుకొనును. అదియు కరిగిపోయి తల వెనుక పల్లము పడునాటికి రెండవ ఊటయు ఎండినట్లే. అప్పుడది నీటినడుమ దాహముతో చచ్చుచున్నది. ఒడ్డునబడిన డాల్ఫినులకు చికిత్స చేయు వైద్యులు గొట్టముద్వారా కడుపులోనికి నీరు పంపుట కలదు. ఆనాడు పడుచువాడు నవ్వినది తప్పు, నేను మౌనముగా నిలిచినది అజ్ఞానము. అక్షరము రాని ఆ ముదుసలి చేతిలోని చెంబు రోగమును సరిగా కనిపెట్టినది.

అయినను చెంబుతో పోసిన నీరు దానికి చాలదు, అందదు. మీ తీరమున ఇట్టి జంతువు ప్రాణముతో పడియున్నచో చేయవలసిన పను లివి. నెత్తిమీది రంధ్రములో నీరుగాని, ఇసుకగాని పోనీయకుడు, అదియే దాని ముక్కు. వీపున తడిగుడ్డలు కప్పి నీడ కల్పింపుడు. తోక పట్టి ఈడ్వకుడు. జనమును దూరముగా నుంచి, వెంటనే అటవీశాఖవారికి తెలుపుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము డాల్ఫినులకు రక్షణ యిచ్చుచున్నది. వానిని చంపుట నేరము.

ఇక మనుష్యుల మాట. గాలివానలో దారితప్పిన పడవలోనివారికి, యంత్రము చెడి కొట్టుకొనిపోవువారికి, మొదటి శత్రువు అల కాదు, దాహము. రెండవనాటి మధ్యాహ్నమున దోసిటిలోని సముద్రపునీరు అమృతమువలె కనబడును. అప్పుడు జ్ఞప్తికి రావలసినది ఆ లెక్క: వేయి త్రాగినచో పదమూడువందల యేబది. మన మూత్రపిండము తిమింగిలపు మూత్రపిండము కాదు. 1942లో ఓడ మునిగి, చిన్న తెప్పమీద 133 దినములు దక్షిణ అట్లాంటిక్ సముద్రమున ఒంటరిగా తేలిన పూన్ లిమ్ అను చీనాదేశపు నావికుడు, కిత్తానుగుడ్డలో వాననీరు పట్టి, చేపలను, పక్షులను పట్టి తిని ప్రాణము నిలుపుకొని 1943 ఏప్రిలులో బ్రెజిలు తీరము దాపున రక్షింపబడెను. కావున వేటకు పోవు మీ బిడ్డలకు చెప్పుడు: పడవలో వలకంటె ముందు నీళ్ళబిందె చూచుకొనవలెను. వాన పట్టుటకొక గుడ్డ యుండవలెను. ఎండవేళ నీడన కదలక యుండి చెమట నాపుకొనవలెను. ఇవి డాల్ఫిను పొదుపులే.

చివరగా మన చెలమలను గూర్చి ఒక మాట. ఇసుకదిబ్బల క్రింది మంచినీరు ఉప్పునీటిపై తేలుచున్న తెట్టువంటిది. వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచోట, క్రింద సుమారు నలుబది యడుగుల లోతువరకు మంచినీరుండునని శాస్త్రజ్ఞుల లెక్క. అనగా పైని ఒక్క అడుగు తోడివేసినచో క్రిందనుండి నలుబదియడుగుల ఉప్పు పైకి వచ్చుటకు సిద్ధముగా నున్నదన్నమాట. గత శతాబ్దపు చివరి పది పదునైదేండ్లలో మన తీరమంతట రొయ్యలచెరువులు విస్తరించినవి. ఊళ్ళబావులు ఉప్పుబారుచున్నవను మొర దేశపు అత్యున్నత న్యాయస్థానమువరకు పోయి, 1996 డిసెంబరులో తీర్పు వెలువడినది. రొయ్యలవలన సంపాదించినవారిని నేను దూషింపను. వారును మన బిడ్డలే. కాని ఏ యంత్రముతో ఎంత తోడుచున్నామో, దిబ్బల ఇసుక ఎంత తరలిపోవుచున్నదో గ్రామపెద్దలు కూర్చుండి లెక్కచూడవలెను. దిబ్బ పోయిననాడు చెలమ పోవును.

డాల్ఫినునకు చేప యున్నది, తిమింగిలమునకు కొవ్వున్నది, తాబేటికి కన్నీరున్నది. సముద్రపుటొడ్డున పుట్టిన మనుష్యునకు ఇసుకలోని ఆ చెలమ తప్ప వేరొక ఊట లేదు. ఆనాడు అవ్వ తెచ్చిన చెంబునీళ్ళు అట్టి చెలమనుండి వచ్చినవే. ఆమె అడిగిన ప్రశ్నకు నేటికి నా సమాధానము ముగిసినది. ఆమె ఈ మాటలు వినుచున్నచో, ఆలస్యమునకు నన్ను మన్నింపవలెనని వేడుకొనుచున్నాను.